బస్సు వెళ్ళని వీధి

డిపోలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ ఆమె రూట్లమ్మ. మొదట్లో అది వెక్కిరింపుగా పెట్టిన పేరే. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలి, ఏ దారిన పోవాలి, ఏ డ్రైవరు ఎక్కడ దిగితే ఇంకో డ్రైవరు ఎక్కాలి అని తేల్చే గదిలో ఆమె కొత్తగా చేరిన రోజుల్లో, ఎవరో కాగితం మీద గీసిచ్చిన దారిన ఒక బస్సును పంపింది. అది ఓ మలుపులో ఇరుక్కుని, ఒకరి ప్రహరీ గోడ కూల్చి, ముందుకీ వెనక్కీ కదల్లేక సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయింది. ఆ గోడ తాలూకు ముసలాయన డిపోకి వచ్చి నోటికొచ్చినట్టల్లా తిట్టి వెళ్ళాడు. ఆ మర్నాటి నుంచి ఆమె తన కాళ్ళతో నడిచి చూడని దారికి బస్సు వేయడం మానేసింది. మధ్యాహ్నం అందరూ టిఫిన్ డబ్బాలు విప్పుకుంటుంటే, ఆమె గొడుగు వేసుకుని వీధులు కొలవడానికి పోయేది.

"రోడ్డు వెడల్పొక్కటే చూస్తే సరిపోదు. బండి తల ఇటు తిప్పితే దాని తోక ఎటు పోతుందో చూడాలి," అనేది.

"మా ఆవిడతోనూ అదే చిక్కు రూట్లమ్మా. మొహం ఇటు తిప్పుతుంది, మాట అటు తగుల్తుంది," అనేవాడు పొడుగు డ్రైవరు. సీట్లో కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగుకి ఆనేంత పొడుగు మనిషి. రివర్స్ తీయడంలో డిపోలో అతన్ని మించినవాడు లేడు. అతను నవ్వితే అందరూ నవ్వేవాళ్ళు. అలా నవ్వుతూ నవ్వుతూనే ఆమె మాట వినడం అలవాటు చేసుకున్నారు. వెక్కిరింపు పేరు కాస్తా పిలుపు పేరయింది.

రూట్లమ్మ తండ్రి కూడా ఆ డిపోలో బస్సు నడిపినవాడే. తల్లి ఈమె పురిట్లోనే పోయింది. తండ్రి, ఈమె ఇంకా బడికి పోయే వయసులో ఉండగానే జబ్బు చేసి పోయాడు. ఆపైన అమ్మా నాన్నా అన్నీ అక్కే. బట్టలకు రంగులద్దే షెడ్లో పనికి కుదిరి చెల్లెల్ని చదివించింది. పొద్దున్నే హడావుడిగా జడ వేస్తుంటే అక్క చేతుల రంగు అంటుకుని, చెల్లెలు ఒక వారం ఎర్ర మెడతో, ఇంకో వారం నీలం చెవులతో బడికి వెళ్ళేది. ఇదేమిటని మాస్టారు అడిగితే, "పక్కా రంగు కాదులెండి మాస్టారూ, రెండు ఉతుకులకి పోతుంది," అని చెప్పి వచ్చిందట అక్క. ఆమె నోటి ముందు ఎవరూ నిలిచేవాళ్ళు కాదు.

ఆ షెడ్లోనే రంగు కలిపే మనిషిని అక్క పెళ్ళి చేసుకుంది. చెల్లెలు కూడా తనతోనే ఉంటుందని ముందే చెప్పేసింది. బావ సరేనన్నాడు. ఆయన మాట్లాడే మనిషి కాదు. సరే అన్న ఆ ఒక్క మాటనీ చివరిదాకా నిలబెట్టుకున్నాడు. రూట్లమ్మకి సైకిలు నేర్పింది, డిపోలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టించింది, పెద్దాసుపత్రి క్యాంటీనులో వంట చేసే మంచి మనిషిని చూసి పెళ్ళి చేసింది, అన్నీ ఆయనే. అక్కకి పిల్లలు కలగలేదు. "ఒకదాన్ని పెంచాను, చాల్లే. అదే తినిపిస్తుంటే తలకాయ తిప్పేది," అనేది అడిగినవాళ్ళతో.

పెళ్ళయ్యాక రూట్లమ్మ మిట్ట మీద, డిపో దగ్గర కాపురం పెట్టింది. అక్కా బావా పల్లంలో, అద్దకంవాళ్ళ వీధి చివరి ఇంట్లో ఉండిపోయారు. వీధి ఒక పక్కన కాలువ, ఇంకో పక్కన ఇళ్ళు. ప్రతి ఇంటి ముందూ రంగు గాబులు, పైన తాళ్ళ మీద ఆరేసిన తాన్లు. తల వంచుకుని నడవాల్సిందే తప్ప, తలెత్తితే తడిబట్ట మొహానికి తగిలేది. ఒకనాడు గాబు పక్కన రంగునీళ్ళలో కాలు జారి అక్క తుంటి విరిగింది. అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. అప్పటినుంచి చేతికర్ర పట్టుకుని వాకిలి దాకా, మహా అయితే పక్కింటి దాకా, అంతే ఆమె నడక.

ఏటి గట్టు తెగిన సంవత్సరం ఊళ్ళో జరిగిన ఘోరం అందరికీ గుర్తే. నీళ్ళకంటే రోడ్డే ఎక్కువమందిని చంపింది ఆ ఏడు. కార్లు, లారీలు, రిక్షాలు, నెత్తిన మూటలతో మనుషులు, అందరూ ఒకే రోడ్డు మీద పడ్డారు. కొందరు బయటికి పోతున్నారు, కొందరు ఇంట్లోవాళ్ళ కోసం లోపలికి వస్తున్నారు. రెండు వైపుల నుంచీ వచ్చి ఒకరికొకరు అడ్డం పడి, వంతెన మీద బిగుసుకుపోయారు. కదలని బండ్లలో కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే నీళ్ళలో మునిగిపోయారు.

ఆ తర్వాత విపత్తుల పని చూడటానికి ఒక కొత్త ఆఫీసరమ్మ వచ్చింది. వయసు చిన్నదే, బుద్ధి పెద్దది. డిపోకి వచ్చి, ఈసారి నీళ్ళొస్తే జనాన్ని బస్సుల్లో ఎలా తరలించాలో ఒక పద్ధతి గీసిపెట్టమని అడిగింది. ఆ పని రూట్లమ్మ మీద పడింది. ఇద్దరూ కలిసి పల్లమంతా తిరిగారు. ఆఫీసరమ్మకి నేల ఎత్తుపల్లాల లెక్క తెలుసు, నీళ్ళు ముందు ఎటు పారతాయో చెప్పగలదు. రూట్లమ్మకి బస్సు సంగతి తెలుసు. ఒకరికి తెలియంది ఇంకొకరిని అడిగి, బురదలో చెప్పులు తెంపుకుని, ఓ వేసవంతా అదే పనిగా పెట్టుకున్నారు.

పద్ధతి వినడానికి సులువుగానే ఉండేది. సైరన్ మోగగానే పల్లం రోడ్లన్నీ ఒకవైపు దారులైపోవాలి, కిందనుంచి మిట్టకి. బస్సులు తప్ప ఎదురు ఎవరూ రాకూడదు. బస్సులు కూడా చుట్టు దారిన దిగి, జనాన్ని ఎక్కించుకుని, పెద్ద దారిన పైకి రావాలి. ఏ బస్సూ ఎక్కడా ఆగి ఎదురుచూడకూడదు. నిండితే కదలాలి, వెనకది వచ్చి దాని చోట నిలబడాలి. మొదటి ట్రిప్పులో డ్రైవర్ల ఇంటివాళ్ళని మిట్టకి చేర్చాలి.

ఈ చివరి ముక్క మీద పేటల పెద్దలు గొడవపడ్డారు. "అంటే మీవాళ్ళు ముందు, మావాళ్ళు తర్వాతనా?" అని మీటింగులో ఒకాయన లేచాడు.

"డ్రైవరుకి ఇంట్లో పసిపిల్ల ఉందనుకోండి," అంది రూట్లమ్మ. "ఆ పిల్ల నీళ్ళలో ఉంటే బస్సు మీ వీధికి తెస్తాడా, తన వీధికి పోతాడా? నేనైతే నా వీధికే పోతాను. మీరు?"

ఆయన కూర్చున్నాడు. పొడుగు డ్రైవరు వెనక బెంచీ మీద తల వంచుకుని కళ్ళు తుడుచుకున్నాడు. అతనికి నిజంగానే పసిపిల్ల ఉంది.

అద్దకంవాళ్ళ వీధి దగ్గరికి వచ్చేసరికి చిక్కు వచ్చిపడింది. కాలువ మీద పాత వంతెన ఒకటి ఉంది. అది దాటి నేరుగా పోతే మూడు పేటలు. ఆ మూడు పేటలవాళ్ళూ పైకి రావాలంటే ఆ వంతెనే దిక్కు. వంతెన అవతలి కొస దగ్గర పక్కకి దిగే సందే అద్దకంవాళ్ళ వీధి. అందులోకి బస్సు దూరుతుంది గానీ తిరగదు. వెనక్కి నడుపుకుంటూ వంతెన మీదికే ఎక్కాలి. అంతసేపూ మూడు పేటల బస్సులు ఆగిపోవాలి. ఒకవేళ నీళ్ళలో ఇంజన్ ఆగిందంటే వంతెనకి బిరడా కొట్టినట్టే. రూట్లమ్మ ఆ వీధిని అటునుంచి ఇటూ ఇటునుంచి అటూ ఎన్నిసార్లు నడిచిందో. చివరికి ఆ వీధివాళ్ళు నడిచి, వీధి మొదట్లో ఉన్న పిండిమర దగ్గరికి వచ్చి బస్సెక్కాలని తేల్చింది.

ఆ మాట అక్కకి తనే వెళ్ళి చెప్పింది.

"ఊరందరికీ బస్సు, తోడబుట్టినదానికి కాలినడక. బాగుందమ్మా," అంది అక్క.

"నీకోసమే వీధి మొత్తం కొలిచానక్కా. తిరగట్లేదు."

"అది తిరక్కపోతే పోనీ, నువ్వు మొహం తిప్పుకోకు. అన్నం తిని వెళ్ళు." తర్వాత మొగుణ్ణి పిలిచి, "ఏమండీ, నన్ను మోసే యోగం మీకే పట్టింది," అంది.

బావ తాన్లు బజారుకి తోసుకెళ్ళే బండి చూపించాడు. దాని మీద పరుపు వేసి తీసుకొస్తానన్నాడు. ఒకసారి ఉత్తుత్తి సైరన్ మోగించి అందరిచేతా అలవాటు చేయించినప్పుడు అలాగే తెచ్చాడు కూడా. అక్క తాన్ల బండి మీద ఊరేగుతున్నట్టు కూర్చుని, దారి పక్కన నిలబడ్డవాళ్ళకి చెయ్యి ఊపుతూ పిండిమర దాకా వచ్చింది. ఆఫీసరమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. రూట్లమ్మ మనసు కుదుటపడింది.

ఆ తర్వాత రెండేళ్ళు వానలు మామూలుగానే కురిసి పోయాయి. మూడో ఏడు, పగటిపూట, ఊళ్ళో ఎండ కాస్తుండగానే ఎగువన ఆనకట్ట గేట్లు ఎత్తేశారు. పైన ఎక్కడో కురిసిన వాన ఇక్కడివాళ్ళకి తెలియనే లేదు. సైరన్ మోగితే చాలామంది మళ్ళీ ఉత్తుత్తిదే అనుకున్నారు. కాలువ నీళ్ళు ఎర్రగా మారి గట్టు ఒరుసుకుంటుంటే అప్పుడు కదిలారు.

రూట్లమ్మ డిపోలో తన గదిలో, గోడ మీది పెద్ద మ్యాపు ముందు నిలబడింది. ఒక చెవిలో ఫోను, ఇంకో చెవిలో వైర్‌లెస్. బస్సులు గీసినట్టే పోయాయి. మొదటి ట్రిప్పులో డ్రైవర్ల ఇళ్ళు ఖాళీ అయ్యాయి. ఆపైన ఒక్క డ్రైవరూ దారి తప్పలేదు. నిండిన బస్సు కదులుతోంది, వెనకది వచ్చి నిలబడుతోంది. ఇన్నేళ్ళ శ్రమ కళ్ళముందు పనిచేస్తుంటే మనిషికి కలిగే సంతోషం ఆమెకీ కలిగింది. ఆ కాసేపటి సంతోషాన్ని తలుచుకుని తర్వాత ఆమె చాలా ఏడ్చింది.

అక్క ఫోన్ చేసింది.

"ఏమే, పనిలో ఉన్నావా?"

"అక్కా, బస్సెక్కావా?"

"ఎక్కడే. మీ బావ పొద్దున్నే బండి మీద తాన్లు వేసుకుని బజారుకి పోయాడు. ఇంకా రాలేదు."

"పక్కింటివాళ్ళో?"

"ఎత్తుకుపోతామన్నారు. నేనే పొమ్మన్నా. ఇద్దరు పిల్లలు వాళ్ళకి, ఆ పిల్లల్ని ఎత్తుకోవద్దూ? మీ బావ వచ్చేస్తాడులే అని పంపేశా. ఇప్పుడు చూస్తే వీధిలో పిట్ట కూడా లేదు. నీళ్ళు గుమ్మం దాటాయి."

బావ ఎందుకు రాలేదో అప్పటికి ఆమెకి తెలియదు. ఆయన సైరన్ వినగానే బండి తిప్పుకుని పరుగున బయల్దేరాడు. మిట్ట దిగే చోట పోలీసులు ఆపేశారు. ఎదురు పోవడానికి వీల్లేదన్నారు. మా ఆవిడ నడవలేదయ్యా అన్నాడు. అందరూ ఏదో ఒకటి చెప్తున్నారు పెద్దాయనా, ఒకణ్ణి వదిలితే వందమంది దిగుతారు, కింద బస్సులున్నాయి, ఎక్కించుకొస్తాయిలే అన్నారు. వాళ్ళ తప్పేం లేదు. ఆ నియమం రూట్లమ్మ పెట్టిందే. ఆయన బండి అక్కడే వదిలేసి, ఎవరి పెరట్లలోంచో గోడలు దూకుతూ దిగుతున్నాడు. అరవై దాటిన మనిషి.

అక్కతో మాట్లాడుతుండగానే వైర్‌లెస్‌లో పొడుగు డ్రైవరు పిలిచాడు. పిండిమర దగ్గర ఉన్నాడు. బస్సు ఇంకా నిండలేదు.

"రూట్లమ్మా, చివరింట్లో నడవలేని ఆవిడ ఉండిపోయిందట. నేను లోపలికి పోతా. రివర్స్‌లో తెచ్చేస్తా."

"వీధిలో నీళ్ళెంతున్నాయి?"

"టైరు సగం మునగొచ్చు. ఇంకా పెరుగుతున్నాయి."

"మూడు పేటల్లో ఇంకా జనం ఉన్నారా?"

"ఉన్నారు. నా వెనకే బస్సులు వరసగా వస్తున్నాయి." తర్వాత, "ఆవిడ మీ అక్కట కదా," అన్నాడు.

"అవును."

"మరి పోనా?"

రూట్లమ్మ మ్యాపు వైపు చూసింది. ఆ వంతెన మీద ఆమె చెయ్యి తనకి తెలియకుండానే ఆనింది. పక్కన కూర్చున్న గుమాస్తా తర్వాత చెప్పాడు, ఆమె అట్టే సేపు ఆలోచించలేదని. ఆమెకి మాత్రం ఆ కాసేపు ఇప్పటికీ అయిపోలేదు.

"వద్దు," అంది. "నీ బండి అందులో ఆగిందంటే మూడు పేటలు ఆగిపోతాయి. నిండగానే కదిలిపో. అక్కడ ఈత వచ్చినవాళ్ళుంటే అడుగు, నడిచి పోగలరేమో. పడవ కోసం నేను చూస్తా."

ఇద్దరు మగవాళ్ళు దిగారు. వీధి సగం కూడా పోకముందే నీళ్ళు ఛాతీ దాకా వచ్చి తోసేస్తుంటే, కరెంటు స్తంభాలు పట్టుకుని వెనక్కి వచ్చారు. ఫైరువాళ్ళ పడవ ఏటి అవతలి ఒడ్డున ఉంది. వస్తున్నామన్నారు. అక్కతో ఫోను ఇంకా ఆన్‌లోనే ఉంది.

"అక్కా, ఎత్తు మీదికి ఎక్కగలవా? గాబు మీదికి, అటక మీదికి?"

"ఈ కాలితోనా?" అంది అక్క. తర్వాత, "బస్సు రాదన్నమాట," అంది.

"రాదక్కా. పడవ వస్తోంది."

అటునుంచి నీళ్ళ చప్పుడు వినిపించింది.

"పిల్లలున్నవాళ్ళందరూ ఎక్కారా?"

"ఎక్కుతున్నారు."

"అయితే నాతో కబుర్లేమిటి, నీ పని చూసుకో. మీ బావ కనిపిస్తే చెప్పు, ఆకుపచ్చ తాన్లు దూలానికి కట్టేశాను, తడవలేదని. ఆ పెద్ద గిరాకీ సరుకు, కంగారుపడతాడు."

ఫోను ఆగిపోయింది. రూట్లమ్మ మళ్ళీ మళ్ళీ చేసింది. తర్వాత వైర్‌లెస్ తీసుకుంది. బస్సులన్నీ పైకి వచ్చేదాకా ఆ గదిలోంచి కదల్లేదు. మూడు పేటల నుంచి ఆఖరి బస్సు వంతెన దాటాక, వంతెన మీదుగా నీళ్ళు పొర్లాయి. ఆ మాట వైర్‌లెస్‌లో వచ్చినప్పుడు డిపోలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె వైర్‌లెస్ పక్కన పెట్టి మళ్ళీ అక్కకి ఫోన్ చేసింది.

నీళ్ళు తీశాక అక్కని మంచం కోడు పట్టుకుని ఉండగా చూశారు. బావ అప్పటిదాకా పిండిమర డాబా మీదే ఉన్నాడు. ఆయన గోడలు దూకి అక్కడికి చేరేసరికి వీధి కనబడకుండా పోయింది. దిగబోతే నలుగురు పట్టుకుని పైకి లాక్కెళ్ళారు.

అంతా అయిపోయిన తర్వాత ఒకరోజు బావ మిట్ట మీదికి, రూట్లమ్మ ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మం బయటే నిలబడి అడిగాడు.

"డ్రైవరు వస్తానన్నాడట."

"అన్నాడు బావా."

"నువ్వే వద్దన్నావట."

"నేనే."

ఆయన తలూపి వెళ్ళిపోయాడు. ఆమె వెనకాలే మెట్ల దాకా పోయి ఆగిపోయింది. తాన్ల సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయింది.

ఊరు ఆమెను నెత్తిన పెట్టుకుంది. పేటలవాళ్ళు దారిలో ఆపి చేతులు పట్టుకునేవాళ్ళు. సన్మానానికి పిలిస్తే ఒంట్లో బాగాలేదని కబురు పంపింది. ఆఫీసరమ్మ ఇంటికే వచ్చి, మీరు చేసింది ముమ్మాటికీ సరైందే, నేనున్నా అదే చెప్పేదాన్ని అంది. రూట్లమ్మ భర్త, ఆ క్యాంటీను వంటమనిషి, కూడా ఒకసారి అదే మాట అన్నాడు.

"నువ్వు ఒప్పే చేశావు."

"ఒప్పని అనకు," అంది ఆమె. "తప్పని తిట్టు, కాసేపు పడి ఏడుస్తా. ఒప్పంటే నేనేం చెయ్యను?"

ఆయన ఇంకెప్పుడూ అనలేదు. పక్కన కూర్చుని ఆమె కంచంలో అన్నం కలిపి పెట్టేవాడు, తినేదాకా లేచేవాడు కాదు.

ఆమెను లోపల్లోపల తొలిచేసిన ప్రశ్న ఒకటుంది. ఒకరోజు గ్యారేజీలో పొడుగు డ్రైవరుని పట్టుకుని అడిగేసింది.

"నిజం చెప్పు తమ్ముడూ. లోపలికి పోయుంటే బండి బయటికి తెచ్చేవాడివేనా?"

"ఎక్కడమ్మా. ఇంజన్లోకి నీళ్ళు పోయి ఆగిపోయేది. నేనూ పోయేవాణ్ణి."

చెప్పేటప్పుడు అతను ఆమె కళ్ళలోకి చూడలేదు. చేతిలోని స్పానరును గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. అంతకంటే ఇరుకు సందుల్లోంచి, అంతకంటే లోతు నీళ్ళలోంచి అతను బస్సు వెనక్కి తీయడం ఆమె చూసింది. తెచ్చేవాడేనేమో. తేలేకపోయేవాడేమో. అతనికీ తెలియదు. ఆమె ఇంక అడగలేదు.

పనిలోకి మళ్ళీ పోయిన మొదటి నెల ఆమె గోడ మీది మ్యాపు వైపు చూడకుండా కూర్చునేది. తర్వాత ఒకరోజు ఆఫీసరమ్మ గదికి వెళ్ళి, "మనం గీసినదాంట్లో అందరికీ కాళ్ళున్నాయి మేడమ్," అంది. "కాళ్ళు లేనివాళ్ళని మొగుళ్ళకీ కొడుకులకీ పక్కింటివాళ్ళకీ అప్పజెప్పేశాం. వాళ్ళు ఆ పూట ఇంట్లో లేకపోతే ఏమిటని అడగలేదు. ఇంకోటి. మనిషన్నవాడు తనవాళ్ళ కోసం వెనక్కి పరిగెత్తుతాడు. డ్రైవరు విషయంలో ఆ సంగతి నాకు తెలుసు. మిగతావాళ్ళ విషయంలో దాన్ని మర్చిపోయి పోలీసుని అడ్డం పెట్టాను."

ఆఫీసరమ్మ కుర్చీ ఆమె పక్కకి జరుపుకుంది.

మళ్ళీ ఇద్దరూ పల్లం దిగారు. ఈసారి వీధులు కొలవడానికి కాదు, తలుపులు తట్టడానికి. మంచాన పడ్డవాళ్ళు, నిండు చూలాళ్ళు, చూపు లేనివాళ్ళు, రోజంతా ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారో రూట్లమ్మకి ఎవరూ చెప్పక్కర్లేని స్థితి వచ్చింది. వాళ్ళ కోసం ఆటోలు, చిన్న వ్యాన్లు వేయించింది. సైరన్ మోగితే అవి బస్సులకంటే ముందు, తిరగని వీధుల్లోకే పోవాలి. మిట్ట దిగే దారిలో ఒక పక్క సన్నగా తాడు కట్టి, తమవాళ్ళ కోసం కాలినడకన కిందికి పోయేవాళ్ళకి వదిలిపెట్టాలి. జనం ఎక్కువైపోతారని పోలీసులు ఒప్పుకోలేదు. ఆ తాడు కోసం ఆమె ఏడాదిపాటు పోట్లాడింది.

అద్దకంవాళ్ళ వీధిలో అన్ని తలుపులూ తట్టింది, ఆఖరిది తప్ప. ఆ ఇంటి ముందు దాకా పోయి, కాసేపు నిలబడి, తిరిగొచ్చేది. బావ లోపల గాబు కలుపుతూ ఉండేవాడు. ఆమె వచ్చిందని ఆయనకి తెలుసు. చెయ్యి ఆపేవాడు కాదు.

అలా నాలుగేళ్ళు గడిచాయి. ఓ వానాకాలం మధ్యాహ్నం మళ్ళీ సైరన్ మోగింది. చిన్న వ్యాన్లు ముందు కదిలాయి. అద్దకంవాళ్ళ వీధికి పోయిన వ్యాను డ్రైవరు ఫోన్ చేశాడు.

"అమ్మా, చివరింటి పెద్దాయన ఎక్కనంటున్నాడు. అరుగు మీద కూర్చున్నాడు. ఆయాసంగా ఉన్నాడు, ఎత్తబోతే తోసేస్తున్నాడు."

ఆ రోజు రూట్లమ్మ వైర్‌లెస్ గుమాస్తా చేతికిచ్చి లేచింది. తను పోట్లాడి కట్టించిన తాడు పక్కనుంచే నడిచి పల్లం దిగింది. పైకి వస్తున్న బస్సుల్లోంచి జనం ఆమెను చూసి పిలుస్తున్నారు. ఆమె ఎవరికీ బదులివ్వలేదు.

వీధిలో ఇంకా నీళ్ళు రాలేదు. కాలువ మాత్రం గట్టుకి సమంగా ఉంది. బావ అరుగు మీద మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని కూర్చున్నాడు. చాలా చిక్కిపోయాడు. ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది. ఎక్కమని అనలేదు.

ఆయనే అడిగాడు. "ఆఖర్న నీతోనే మాట్లాడిందట కదా. ఏమంది?"

ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఆమె చెప్పింది. బస్సు రాదన్నమాట అని అక్క అన్నది దాచలేదు. పిల్లలున్నవాళ్ళ గురించి అడిగింది చెప్పింది. ఆకుపచ్చ తాన్లు దూలానికి కట్టాననీ, తడవలేదనీ, ఆయనతో చెప్పమందనీ చెప్పింది.

"తడిశాయి," అన్నాడు బావ. "దూలం దాకా వచ్చాయి నీళ్ళు. ఎవరు కట్టారా అనుకున్నాను." కాసేపటికి, "ఆ కాలితో మంచమ్మీద నిలబడి కట్టుంటుంది," అన్నాడు. ఆయన ఏడుపు ఎప్పుడూ చూడలేదామె. చూడలేక కాలువ వైపు తిరిగి కూర్చుంది. వ్యాను డ్రైవరు ఇంజన్ ఆపకుండా, హారన్ కొట్టకుండా ఎదురుచూశాడు.

తర్వాత ఆయన తనంతట తనే లేచి వ్యాను ఎక్కాడు. ఆ ఏడు నీళ్ళు గుమ్మాల దాకా వచ్చి ఆగిపోయాయి, ఎవరికీ ఏమీ కాలేదు. బావ మాత్రం మళ్ళీ ఆ ఇంటికి పోలేదు. మిట్ట మీద వీళ్ళింట్లోనే ముందు గదిలో ఉన్నాడు. ఆమెతో మాటలు అప్పటికీ తక్కువే. అక్క జోకులు ఎప్పుడైనా ఒకటి తలుచుకునేవాడు, సగం చెప్పి ఆపేసేవాడు. మిగతా సగం ఆమె చెప్పేది. రెండు వేసవులు గడిచాక ఊపిరితిత్తుల జబ్బుతో ఆయన పోయాడు. ఆసుపత్రిలో ఆమే దగ్గరుంది. క్షమించానని ఆయన అనలేదు. ఆమె అడగలేదు.

ఇప్పుడు రూట్లమ్మ రిటైరయింది. ఆమె కుర్చీలో ఒక చురుకైన అమ్మాయి కూర్చుంటోంది. సందేహం వచ్చినప్పుడల్లా ఇంటికి వచ్చి అడిగి పోతుంది. ఒకసారి ఆ పిల్ల మొహమాటపడుతూ, "మళ్ళీ అలాంటి రోజే వస్తే, బస్సు లోపలికి పంపుతారా అమ్మా?" అని అడిగింది.

"పంపను," అంది రూట్లమ్మ వెంటనే. టీ గ్లాసు కింద పెట్టి, కాసేపు కిటికీలోంచి వీధిలోకి చూసింది. "పనిలో ఉన్నంతసేపూ పంపనమ్మా. ఇంటికొచ్చి ఒక్కదాన్నే కూర్చుంటే మాత్రం పంపుతూనే ఉంటాను. ఒక్కోసారి అతను తెచ్చేస్తాడు. ఒక్కోసారి వంతెన మీద ఆగిపోతాడు, వెనక బస్సుల్లో పిల్లలు కనిపిస్తారు."

ఆ అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుంది. రూట్లమ్మ ఆ చేతిని కాసేపు అలాగే ఉండనిచ్చింది. తర్వాత చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేచింది. పిండిమర వెనక కొత్తగా కట్టిన ఇళ్ళ మధ్య సందు ఒకటుంది, అందులో వ్యాను తిరుగుతుందో లేదో ఇద్దరూ చూసి రావాలి. వానలు దగ్గరపడుతున్నాయి.